నేను కోసేసిన నాలుగు నిమిషాలు

బడి ఉద్యోగం నుంచి రిటైరైన మరుసటి ఏడు నేను రేపల్లెలో ఒక చిన్న రేడియో స్టేషన్లో చేరాను. జీతానికి కాదు, రానూపోనూ ఖర్చులకి. మా ఇల్లు తెనాలిలో. పొద్దున పాసింజరు ఎక్కితే వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ గంట పైచిలుకులో రేపల్లె చేరేదాన్ని. ఆ రోజు చదవాల్సినవి బండిలోనే నోటుబుక్కులో రాసుకునేదాన్ని. బండి ఊపుకి అక్షరాలు వంకరపోయేవి. ముప్పై ఏళ్ళు పిల్లల చేతిరాత దిద్దినదాన్ని, స్టూడియోలో నా రాత నేనే చదువుకోలేక తడుముకునేదాన్ని.

సామాజిక రేడియో అంటారు మాలాంటి స్టేషన్లని. రెండు గదులు, మేడ మీద ఒక స్తంభం. రేపల్లె, దాని చుట్టుపక్కల పల్లెలు, అటు పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డు దాకా మా మాట వినిపించేది. తెనాలికి అందేది కాదు. అందుకని మా ఇంట్లోవాళ్ళెవరూ నా గొంతు రేడియోలో ఎప్పుడూ వినలేదు. మేం చెప్పేవి కూడా పెద్ద సంగతులేం కావు. వరికి ఏ తెగులు తగిలింది, ఆస్పత్రికి పిల్లల డాక్టరు ఏ రోజు వస్తారు, సముద్రం మీద గాలి ఎలా ఉంది, మధ్యమధ్య ఊళ్ళలో ఆడవాళ్ళు పాడిన పెళ్ళిపాటలు.

స్టేషన్ని నడిపేది ఒక సొసైటీ. దాని కార్యదర్శి వ్యవసాయ శాఖలో పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడరు. ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివి, మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని సంతకం చేస్తారు. ఆయన కాక రికార్డింగూ ఎడిటింగూ చూసుకునే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళది రేపల్లెలోనే టైలర్ల కుటుంబం. ఇంట్లో ఉర్దూ, మా దగ్గర తెలుగు. పక్కగదిలో ఫ్యాను తిరుగుతున్నా రికార్డింగులో పట్టేసేది. నన్ను టీచర్ అని పిలిచేది.

నేను చేరిన కొత్తల్లో మాకు రెండు ఆఫీసులతో పని ఉండేది. స్టేషన్ నడుపుకోవడానికి అనుమతి ఇచ్చేదీ, మా మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారించేదీ ఒక ఆఫీసు. ఏటా గ్రాంటు ఇచ్చేదీ, చదవడానికి ప్రకటనలు పంపేదీ ఇంకొకటి. ఈ రెంటికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసేది కాదు. ఒకే కాగితం ఇద్దరికీ పంపాలి, ఒకే ఫొటోలు ఇద్దరికీ అంటించాలి. కార్యదర్శి గారు విసుక్కునేవారు. నేనూ విసుక్కునేదాన్ని.

ఒక వేసవిలో రొయ్యల చెరువుల మీద కార్యక్రమం చేశాం. పక్కన చెరువు తవ్వాక తన మడి ఉప్పెక్కిపోయిందని ఒక రైతు చెప్పాడు. చెరువులవాళ్ళ మాట కూడా వేశాం. అయినా వాళ్ళకి కోపం వచ్చి రెండు ఆఫీసులకీ రాశారు. గ్రాంటు ఇచ్చే ఆఫీసువాళ్ళు, సంగతి తేలేవరకూ డబ్బు ఆపుతున్నామని ఉత్తరం పంపారు. ఫిర్యాదులు చూసే ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నారు. టీ తాగారు. ఇరుపక్షాల మాటా వేశారు, ఇందులో తప్పేమీ కనిపించలేదని రాసిచ్చి వెళ్ళారు. ఆ కాగితం పట్టుకుని కార్యదర్శి గారు రెండో ఆఫీసుకి వెళ్ళారు. నెల తిరక్కుండా డబ్బు వచ్చింది. ఆ కాగితం ఎంత పని చేసిందో అప్పుడు మాలో ఎవరమూ ఆలోచించలేదు. ఫైల్లో పెట్టేశాం.

తర్వాత రెండేళ్ళకి ఆ రెండు ఆఫీసులనూ కలిపి ఒక మండలి చేశారు. అనుమతి, ఫిర్యాదు, గ్రాంటు, ప్రకటనలు అన్నీ దాని కిందికే వచ్చాయి. ఆ సంగతి చెప్పడానికి బాపట్లలో మీటింగు పెట్టి మమ్మల్ని రమ్మన్నారు. జిల్లాలు విడగొట్టాక రేపల్లె వాళ్ళకి ఏ పనికైనా బాపట్లే. కార్యదర్శి గారు నాకోసం తెనాలి వచ్చారు. ఇద్దరం నిడుబ్రోలు మీదుగా పోయే బండెక్కి వెళ్ళాం.

హాల్లో యాభై మంది దాకా ఉన్నారు. చిన్న పత్రికలవాళ్ళు, కేబుల్ వార్తలవాళ్ళు, మాలాంటివాళ్ళు. మండలి తరఫున వచ్చిన అధికారికి నలభై ఏళ్ళు ఉంటాయేమో. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. ముసలివాళ్ళని ముందు వరసలోకి పిలిచి కూర్చోబెట్టాడు. ఇకనుంచి ఒకే దరఖాస్తు, ఒకే సంతకం, ఎక్కడికీ తిరగక్కర్లేదు అని చెప్పాడు. నా పక్కన కూర్చున్న కేబుల్ ఆయన "హమ్మయ్య, ఇప్పటికన్నా బుద్ధి పుట్టింది" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ సంతోషమే అనిపించింది. ఫొటోలు రెండుసార్లు అంటించే బాధ తప్పింది.

ప్రశ్నలుంటే అడగమన్నారు. ఎవరూ లేవలేదు. నాకు రొయ్యల చెరువు గుర్తొచ్చింది. లేచాను.

"సార్, మా మీద ఫిర్యాదు వస్తే విచారించేది మీరేనా అండి?"

"మేమేనండి."

"గ్రాంటు ఇచ్చేదీ, ఆపేదీ?"

"అదీ మేమేనండి. అందుకే కదా మీకు ఇంత సులువైంది."

"మీరు పంపిన ప్రకటనలోనే తప్పుందనుకోండి. మేం ఆ మాట చెబితే మీకు కోపం వచ్చి గ్రాంటు ఆపారనుకోండి. అప్పుడు ఎవరికి చెప్పుకోవాలండి?"

హాల్లో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. చేతిలో పెన్ను మూత పెడుతూ తీస్తూ కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"మాకే రాయండి మేడం" అన్నాడు. "చూస్తాం."

ఆ మాటలో వెటకారం లేదు. నేను కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో కార్యదర్శి గారు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, మనిషి మంచివాడిలాగే ఉన్నాడన్నారు. అవునండి అన్నాను.

ఆ ఏడాది మండలి నుంచి ప్రకటనలు బాగా వచ్చాయి. రోజుకు మూడుసార్లు చదవాలి. వాటిలో ఒకటి కుళాయిల గురించి. ఫలానా ఫలానా పల్లెల్లో ఇంటింటికీ మంచినీళ్ళు అందుతున్నాయని పేర్లు చదివే ప్రకటన. దాన్ని నా గొంతుతోనే రికార్డు చేశాం. పల్లెల పేర్లు తప్పు పలక్కుండా ఉండాలని రెండుసార్లు చదివాను. అంతకుమించి దాని గురించి నేనేమీ ఆలోచించలేదు.

చలి మొదలయ్యే రోజుల్లో లంక నేలల్లో కూరగాయల సాగు గురించి ఒక కార్యక్రమం అనుకున్నాం. నేనూ ఎడిటింగ్ అమ్మాయీ ఆటో కట్టించుకుని పెనుమూడి దారిలో ఒక పేటకి వెళ్ళాం. దాని పేరు ఇక్కడ రాయను. అక్కడ దోసపాదులు బాగా కాయిస్తుందని ఒకావిడ గురించి విన్నాం. నా ఈడుదే. భర్త లేడు. ఎకరంలోపు కౌలుకి తీసుకుని తనే చేసుకుంటుంది. వాకిట్లో నులకమంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టింది. గింజ ఎప్పుడు నానబెట్టాలి, పురుగుకి బూడిద ఎలా చల్లాలి, ఏ గాలికి పూత రాలుతుంది అన్నీ చక్కగా చెప్పింది. మధ్యలో ఆగి నా మొహంలోకి చూసింది.

"కుళాయి నీళ్ళొస్తున్నాయని రేడియోలో చెప్పేది మీరే కదండీ?"

"నేనే అక్కా."

"మీ గొంతు గుర్తుపట్టాను. మా పేట పేరు కూడా చదువుతారు."

"చదువుతాను."

"గొట్టాలేశారండి. కుళాయిలు పెట్టారండి. పెట్టిన రోజు మా మనవరాలు కుళాయికి బొట్టు కూడా పెట్టింది. నీళ్ళు మాత్రం రాలేదండి. ఒక్క రోజు కూడా రాలేదు. మా బోరు నీళ్ళు ఉప్పు. క్యాన్లు కొనుక్కుంటున్నాం. మొన్న మా అన్న ఫోన్ చేసి, మీకు కుళాయి వచ్చిందంటగా, రేడియోలో విన్నా అన్నాడు. నేనేం చెప్పాలండి?"

అమ్మాయి రికార్డరు ఆపలేదు. ఆవిడ అలా నాలుగు నిమిషాలు మాట్లాడింది. తిట్టలేదు, ఏడవలేదు. దోసగింజ గురించి ఎలా చెప్పిందో ఇదీ అలాగే చెప్పింది. తర్వాత మమ్మల్ని తీసుకెళ్ళి కుళాయి చూపించింది. తిప్పితే గాలి కూడా రాలేదు. "గురువారం మీ మాట వస్తుంది, వినండి" అని చెప్పి వచ్చేశాం.

స్టేషన్‌కి వచ్చేసరికి కార్యదర్శి గారి బల్ల మీద మండలి ఉత్తరం ఉంది. అది బెదిరింపేం కాదు. మా అనుమతి గడువు ఆ ఏడాదితో తీరుతుంది. దాని కొనసాగింపూ, వచ్చే ఏటి గ్రాంటూ ఒకే దరఖాస్తు మీద, ఒకే నెలలో పరిశీలిస్తామని రాశారు. ఇటీవలి కార్యక్రమాల రికార్డింగులు జతచేయమన్నారు. కింద అదే అధికారి సంతకం. నేను రెండుసార్లు చదివి మడిచి అక్కడే పెట్టాను.

బుధవారం మధ్యాహ్నం ఎడిటింగ్‌కి కూర్చున్నాం. కుళాయి దగ్గరికి వచ్చేసరికి, "ఇక్కణ్ణుంచి తీసెయ్యి" అన్నాను.

అమ్మాయి నావైపు తిరిగింది. "ఎక్కడిదాకా టీచర్?"

"పూత రాల్చే గాలి గురించి మళ్ళీ మొదలెడుతుంది చూడు, అక్కడిదాకా."

"అదే కదా టీచర్ అసలు సంగతి."

"మన కార్యక్రమం కూరగాయల మీద."

"సార్ తియ్యమన్నారా?"

"లేదు."

"మండలివాళ్ళు ఫోన్ చేశారా?"

"ఎవరూ చెయ్యలేదు. తియ్యమ్మా."

తీసింది. అతుకు తెలియకుండా తీసింది, ఆ పనిలో ఆ పిల్లకి ఆ పిల్లే సాటి. రిజిస్టరులో కారణం రాయాల్సిన చోట 'సమయం చాలలేదు' అని నేనే రాశాను. సాయంత్రం కార్యదర్శి గారు ఆ పేజీ చదివారు. "సమయం చాలలేదా?" అని అడిగారు. చాలలేదండి అన్నాను. కళ్ళజోడు తుడుచుకుని సంతకం చేశారు. ఆయన ఆ రికార్డింగు మొత్తం అంతకుముందే విన్నారని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

ఆ వారం నేను మామూలుగానే ఉన్నాను. నిద్ర పట్టకపోవడం లాంటివేం లేవు. ఇలాంటి చోట మనసు ఎంతగానో బాధపడిందని రాసుకోవడం సులువు. నాకైతే ఒక పని అయిపోయినట్టే ఉంది.

తర్వాతి వారం పెళ్ళిపాటల కోసం అదే పేటకి వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ వాకిట్లోనే ఉంది. మొన్నటిలాగే మంచం వాల్చింది.

"దోసపాదుల సంగతి బాగా వచ్చిందండి. మా వీధివాళ్ళందరం ఇక్కడే కూచుని విన్నాం. మా అన్నకి కూడా ఫోన్ చేసి వినమని చెప్పాను."

"సంతోషం అక్కా."

"కుళాయి సంగతి విడిగా వేస్తారేమో అనుకున్నాం. మర్నాడు చూశాం. ఆ మర్నాడూ చూశాం. మీరు చదివే ప్రకటన మాత్రం వస్తానే ఉంది."

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. సమయం చాలలేదనే చెప్పబోయాను. ఆవిడ లోపలికి వెళ్ళి, కొని తెచ్చుకున్న క్యానులోంచి గ్లాసుడు నీళ్ళు పట్టుకొచ్చి నా చేతికిచ్చింది. తాగాక అబద్ధం చెప్పలేకపోయాను.

"నేనే తీసేశాను అక్కా."

"ఎవరన్నా వద్దన్నారాండి?"

"లేదు."

ఆవిడ గ్లాసు తీసుకుంది. "వద్దనకుండానే తీసేశారు" అంది. అడుగుతున్నట్టు అనలేదు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు అంది. "మీకేం ఇబ్బందులున్నాయో లెండి" అని పాటలు పాడేవాళ్ళని పిలవడానికి వెళ్ళింది. తిడితే కొంచెం తేలిగ్గా ఉండేది.

వెనక్కి వచ్చాక కార్యదర్శి గారి ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాను.

"మీరు చేసింది తప్పని నేననను టీచర్ గారు" అన్నారు. "అనుమతి పోతే కుళాయి సంగతే కాదు, దోసపాదుల సంగతీ చెప్పలేం. డాక్టరు ఏ రోజు వస్తారో కూడా చెప్పలేం."

"రొయ్యల చెరువు సంగతి వేశాం కదండి. అప్పుడూ డబ్బు ఆపారు."

"అప్పుడు ఒకళ్ళు ఆపితే ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళాం. మనది తప్పు కాదని వాళ్ళు రాసిచ్చారు." తను అన్న మాట తనకే కొత్తగా వినిపించినట్టుంది. "ఇప్పుడు ఆ కాగితం ఎవరిస్తారు" అన్నారు మెల్లగా.

ఎడిటింగ్ అమ్మాయి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆ ముక్క నేను చెరపలేదు సార్" అంది. "పక్కన పెట్టాను."

ఆ పిల్ల తను తీసిన ముక్క ఏదీ ఎప్పుడూ చెరపదు. ఆ అలవాటు నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన లేచి నిలబడ్డారు. "నీళ్ళ ఇంజనీరుకి ఫోన్ చెయ్యండి. ఆయనేమంటాడో అదీ రికార్డు చేద్దాం. రెండూ కలిపి వేద్దాం" అన్నారు. ఇంజనీరు దాచకుండానే మాట్లాడాడు. కాలవ దాటే చోట గొట్టం కలపడం మిగిలిందనీ, దానికి వేరే శాఖ అనుమతి రావాలనీ, లెక్కలో మాత్రం పని పూర్తయినట్టు ముందే ఎక్కిందనీ చెప్పాడు. తర్వాతి గురువారం రెండూ వేశాం. ఆ కార్యక్రమానికి ముందు మండలి ప్రకటన రావాల్సిన సమయం. అదీ వచ్చింది, నా గొంతుతోనే. వెంటనే ఆవిడ గొంతు. స్టూడియోలో కూర్చుని వింటుంటే నా గొంతు నాకే ఎవరిదోలా అనిపించింది.

ఆ రాత్రే కాదు, ఆ వారమంతా ఏమీ జరగలేదు.

మండలి తన నిబంధనల మీద అభిప్రాయాలు రాయమని అందరినీ అడిగింది, దానికి అప్పటికింకా గడువుంది. నేను రెండు పేజీలు రాశాను. డబ్బు ఇచ్చే చెయ్యీ, తప్పొప్పులు చూసే చెయ్యీ ఒకటే అయితే మాలాంటివాళ్ళం ఎవరూ అడక్కుండానే మా నోళ్ళు మేమే కట్టేసుకుంటామని రాశాను. దానికి సాక్ష్యంగా నేను చేసింది తేదీతో సహా రాశాను. మీ ఆఫీసు నన్ను ఏమీ అనలేదు, ఒక ఉత్తరం మాత్రం పంపింది, అందులోనూ ఏమీ లేదు, అయినా నాలుగు నిమిషాలు కోసేశాను అని. ఈ రెండు పనులూ మళ్ళీ విడదీయమని అడిగాను. కార్యదర్శి గారు మూడుసార్లు చదివారు. స్టేషన్ పేరు మీద పంపడానికి సొసైటీలో మిగతావాళ్ళు ఒప్పుకోరన్నారు. నా పేరు మీదే పంపాను. కింద ఆయన కూడా తన పేరు మీద సంతకం పెట్టారు.

పది రోజులకి బాపట్ల అధికారి ఫోన్ చేశాడు. నేను తెనాలి స్టేషన్లో పాసింజరు కోసం నిలబడి ఉన్నాను.

"మేడం, మీ ఉత్తరం చదివానండి. దీన్ని సలహా కింద రాసుకోమంటారా, ఫిర్యాదు కింద రాసుకోమంటారా?"

"తేడా ఏంటండి?"

"సలహా అయితే పైకి పంపుతాను. ఫిర్యాదు అయితే నేనే విచారించాలి."

"మీ మండలి మీద ఫిర్యాదు మీరే ఎలా విచారిస్తారు సార్?"

అటువైపు ఎవరో కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "సలహా అనే రాస్తానండి" అన్నాడు. "నేను కూడా ఒక మాట రాసి పంపుతాను." ఏం రాశాడో నాకు తెలియదు. నిబంధనలైతే మారలేదు.

మా అనుమతి కొనసాగించారు, కాని ఒక్క ఏడాదికే. అంతకుముందు ఐదేళ్ళకి ఇచ్చేవారు. కారణం రాయలేదు. గ్రాంటు ఆలస్యంగా వచ్చింది. అది కుళాయి సంగతి వల్లనా, నా ఉత్తరం వల్లనా, ఊరికేనా అని చాలా రోజులు లెక్కలు వేసుకున్నాం. బాపట్ల మీటింగులో నా పక్కన కూర్చున్న కేబుల్ ఆయనకి మూడేళ్ళకి ఇచ్చారట. పొన్నూరులో ఒక చిన్న పత్రికవాళ్ళకీ ఒక్క ఏడాదికే ఇచ్చారట, వాళ్ళు ఎవరినీ ఏమీ అన్నదీ లేదు, రాసిందీ లేదు. దాన్నిబట్టి ఏమీ తేల్చుకోలేకపోయాం. సొసైటీలో ఇద్దరు నా మూలంగానే ఇలా జరిగిందని నమ్మి నాతో మాట్లాడటం తగ్గించారు. వాళ్ళది తప్పని రుజువు చేయడానికి నా దగ్గరా ఏమీ లేదు.

పేటకి నీళ్ళు వేసవి చివర్లో వచ్చాయి. రోజు విడిచి రోజు, పొద్దున ఒక గంట. కాలవ శాఖ అనుమతి ఇవ్వడం వల్ల వచ్చాయని ఇంజనీరు చెప్పాడు. మీరు రేడియోలో వెయ్యడం వల్లే వచ్చాయని ఆవిడ అంటుంది. నేను ఇంజనీరు మాటే నమ్ముతాను. ఆవిడ నాతో బాగానే ఉంటుంది, కాని ఏదైనా రికార్డు చేస్తుంటే మధ్యలో ఆగి, "ఇది వస్తుందాండి?" అని అడుగుతుంది. మొదట్లో అలా అడిగేది కాదు.

ఎడిటింగ్ అమ్మాయికి గుంటూరులో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు పాత ముక్కలన్నీ తేదీలవారీగా సర్ది, ఎక్కడున్నాయో ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. ఈ నెలాఖరుకి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. జతచేయడానికి పది కార్యక్రమాలు ఎంచమని కార్యదర్శి గారు నాతో అన్నారు. కుళాయి కార్యక్రమం పేరు ఆ జాబితాలో మూడోదిగా రాశాను. ఆయన చదివారు. నాలుగోది ఏం పెడదామని అడిగారు.